అవి తూటా చిల్లులు కావు

మా మేనత్త పోయింది. రెండు వారాల కిందట ఆదివారం పొద్దున, ఇబ్రహీంపట్నంలో మా నాన్న ఇంట్లో. ముందు రోజు సాయంత్రం దాకా బస్టాండు పక్కన చేపలమ్మి, కత్తిపీట కడుక్కుని, ఇంటికొచ్చి ఇంత తిని పడుకున్న మనిషి. మా అమ్మ చాయ్ పట్టుకుపోయి పిలిస్తే పలకలేదు. తమ్ముడు నాకు ఫోన్ చేసి, "అక్కా, అత్తమ్మ పోయింది" అన్నాడు. ఏడుపు రాకముందే నా నోట్లోంచి వచ్చిన మాట, "బుడ్డి తెచ్చినవా?"

"లేదు. గిప్పుడు పోతున్న" అన్నాడు వాడు.

మనిషి పోయిందని చెబితే ఇదేం ప్రశ్న అని మీకు అనిపించవచ్చు. ఈ నాలుగు ముక్కలూ ఆ బుడ్డి గురించే రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కోపం చూపించకూడదంటారు. నాకు దుఃఖం ఎంతుందో కోపం అంతకు రెండింతలుంది. మా అత్త బతికినన్నాళ్లూ కోపాన్ని కొంగున ముడేసి దాచుకున్న మనిషి కాదు. ఆమె పేరు చెప్పి నేను మెత్తగా రాస్తే ఆమెకే నచ్చదు.

ఆమెకు పిల్లలు లేరు. నాకు ఊహ తెలిసేసరికే మా ఇంట్లో ఉంది. మాది చెరువు మీద బతికిన ఇల్లు. మా నాన్న వల వేసేవాడు, అత్త అమ్మేది. నాన్న వల మానేసినా ఆమె అమ్మకం మానలేదు. గోనె పట్టా మీద చేపలు పోసుకుని, ప్రతి బేరానికీ తరాజు పళ్లెం తుడుచుకుంటూ, వచ్చేపోయే బస్సులను తిట్టుకుంటూ కూర్చునేది. బేరానికి వచ్చినవాళ్లు చేపను మరీ పిసికి చూస్తే, "పెండ్లిపిల్లను సూస్తున్నవా ఏంది, గంతగనం తిప్పబడితివి" అనేది. ఫోన్ చెవిన పెట్టుకుని ధర అడిగేవాళ్లకు, "ముందు గా ముచ్చట ఒడగొట్టుకొని రా బిడ్డా. చేప యాడికి పోదు, సచ్చి ఉన్నది" అనేది. శేరిగూడ కాలేజీల పిల్లలు వచ్చి ముల్లు లేని చేప కావాలంటే, "గసుంటిది మీ కాలేజీలనే తయారు జెయ్యున్రి, నేను గూడ కొంట" అనేది. వాళ్లు నవ్వుకుంటూ ముల్లున్న చేపనే కొనుక్కుపోయేవాళ్లు.

ఆమెకొక అలవాటుంది. వాడలో ఎవరికి జ్వరం వచ్చిందని తెలిసినా బేరం మధ్యలో వదిలి లేచిపోయేది. చేతులకు నీచు వాసన పోయేదాకా సబ్బుతో రుద్దుకుని, ఒక తడిగుడ్డ తీసుకుని, పిలవకపోయినా ఆ ఇంటికి పోయి మంచం పక్కన కూర్చునేది. డెంగీ రోజుల్లో అయితే చేపల గంప మొత్తం పక్కనామెకు అప్పజెప్పేసేది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆమె నా పక్క వదల్లేదు. నేను విసుక్కుని "పోయి పండుకో అత్తా" అంటే, "జరమొచ్చినోళ్ల పక్కకు మనిషుండాలె. మందు దవాఖానోళ్లిస్తరు, మనిషినెవడిస్తడు" అంది. ఆ మాట ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు జ్వరం తగ్గాక గానీ తెలియలేదు.

ఆమె భర్త, అంటే మా మామ, యాచారం పక్క పల్లెవాడు. మిలిటరీలో లారీ డ్రైవరు. లారీ అంటే తుపాకులు మోసే లారీ కాదు, నీళ్ల లారీ. సైన్యం ఎక్కడ దిగితే అక్కడికి నీళ్లు మోసేవాడు. పెళ్లయ్యాక రెండుసార్లు సెలవు మీద వచ్చాడు. బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. మా వాళ్లు ఇప్పటికీ దాన్ని బంగ్లా లడాయి అనే అంటారు. ఆ లడాయిలో తూర్పు దిక్కున నీళ్లు మోస్తూ మోస్తూ ఆయనకు జ్వరం పట్టుకుంది. మిలిటరీ దవాఖానలో చనిపోయాడు. అక్కడే దహనం చేశారు. మొదట ఇంటికి తారు, అంటే టెలిగ్రాం, వచ్చింది. చాలా రోజులకు ఆయనతో పనిచేసిన ఒకతను ఒక ట్రంకు పెట్టె తెచ్చి ఇచ్చిపోయాడు. అందులో ఒక ఖాకీ జత, బెల్టు, గొంగడి, నడుముకు కట్టుకునే సిల్వర్ నీళ్ల సీసా ఉన్నాయి. ఆ సీసానే మా అత్త బుడ్డి అనేది. అప్పటికి ఆమెకు పట్టుమని ఇరవై ఏళ్లు లేవు.

శవం లేదు కదా, కర్మ ఎట్లా చేయాలని అత్తగారి ఊళ్లో పెద్దలు తర్జనభర్జన పడ్డారట. చివరికి ఖాకీ జతను కట్టెల మీద పెట్టి కాల్చాలని తేల్చారు. మా వాళ్లలో చితి చుట్టూ తిరిగేటప్పుడు నీళ్ల కుండ భుజాన పెట్టుకుంటారు. ఒక్కో చుట్టుకు ఒక్కో చిల్లు పెడతారు. నీళ్లు కారుతుండగా తిరిగి, మూడు చుట్లు అయ్యాక, వెనక్కి చూడకుండా కుండను భుజం మీదుగా వదిలేస్తారు. అది పగలాలి. అప్పుడే పోయినవాడికి ఈ ఇంటితో తెగినట్టు.

కుమ్మరి ఇంటి నుంచి కుండ తెచ్చారు. మా అత్త ఒద్దంది. "గా కుండ ఆయనకెరుకనా? గీ బుడ్డి ఆయన నడుముకుండె. గీన్ల పొయ్యున్రి నీళ్లు" అని పట్టుబట్టింది. కొత్తకోడలు మాట ఎవరు వింటారు? ఆమె మామగారు విన్నాడు. బుడ్డి నిండా నీళ్లు పోసి మరిది భుజాన పెట్టుకున్నాడు. కుండ అయితే కొడవలి మొన తగిలిస్తే చాలు. బుడ్డికి మేకు, సుత్తె కావలసి వచ్చాయి. ప్రతి చుట్టుకూ మరిది ఆగి బుడ్డిని బండరాయి మీద పెట్టేవాడట. మామగారు మేకు మోపి కొట్టేవాడట. కొట్టినప్పుడల్లా నీళ్లు ఆ ముసలాయన మొహం మీదికి చిమ్మేవట. కన్నకొడుకు కర్మకు తండ్రి సుత్తె పట్టుకున్నాడు. ఆ చప్పుడు గురించి చెప్పేటప్పుడు మా అత్త ఎప్పుడూ చెవి రుద్దుకునేది.

మూడు చుట్లయ్యాక మరిది బుడ్డిని వెనక్కి వదిలేశాడు. కుండ కాదు కదా, పగల్లేదు. రాళ్ల మీద ఖంగుమని మోగుతూ దొర్లిపోయి ఆడవాళ్లు నిలబడ్డ చోట ఆగింది. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. పగలనిదాన్ని ఏం చేయాలో చెప్పిన పెద్దమనిషి అంతకుముందు ఎవరూ లేరు. వెనక్కి చూడొద్దు కనుక అందరూ కదిలిపోయారు. మా అత్త వెనక్కి చూసింది. పోయి తీసుకుని కొంగులో చుట్టుకుంది.

వల్లకాటి సామాను ఇంట్లోకి తెస్తావా అని అత్తగారింట్లో గొడవ. మామగారి మాట చెల్లలేదు. బుడ్డి అన్నా బయట ఉండాలి, కోడలన్నా బయట ఉండాలి అనేదాకా వచ్చింది. "అట్లయితే ఇద్దరం పోతం" అని ఆమె బుడ్డి పట్టుకుని యాచారంలో బస్సెక్కి పుట్టింటికి వచ్చేసింది. మా నానమ్మ గుమ్మంలో బుడ్డి మీద పసుపు నీళ్లు చల్లి, కూతురి మీద కూడా చల్లి, ఇద్దర్నీ లోపలికి తీసుకుంది. అప్పటి నుంచి మా వెనక గదిలో, దేవుడి అర్ర పక్క గూట్లో ఆ బుడ్డి ఉంది. మా చిన్నతనంలో దాని మూడు చిల్లుల్లో వేళ్లు పెట్టి ఆడుకుంటుంటే ఆమె వద్దనలేదు. ఇవి ఏందత్తా అని అడిగితే, "మా మామ కొట్టిన మేకులు" అని చెప్పేది. దాపరికం లేదు, కథలు అల్లడం లేదు.

ఇక నా కోపం సంగతి. ఆ బుడ్డి గూట్లో ఉన్న ఇన్నేళ్లూ ఈ లోకం మా మామను ఎట్లా చూసిందో ముందు చెప్పాలి. జెండా పండుగకు యుద్ధంలో పోయినవాళ్ల ఇళ్లవాళ్లను వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పేవాళ్లు. ఒకసారి ఎవరో చెబితే మా అత్త కూడా మంచి చీర కట్టుకుని పోయింది. నేను ఆమె వెంట ఉన్నాను. పేర్లు చదివే ఆఫీసరు తన కాగితం చూసి, ఆమె వైపు చూసి, "మీ ఆయన యుద్ధంలో కాదు కదమ్మా, దవాఖానలో పోయిండు కద" అన్నాడు. మైకు ఆన్‌లో ఉంది. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. ఆమె దిగి వచ్చేసింది. ఇంటికి వచ్చాక చీర మడతపెడుతూ, "యుద్ధం జేసేటోళ్లకు దాహం గాదా పిల్లా? ఆ నీళ్లెవడు మోసిండు?" అని నన్ను అడిగింది. నేను టీచర్ని. సమాధానం లేని ప్రశ్న అడిగితే పిల్లల్ని కూర్చోమంటాను. ఆమెను ఏమనాలి?

తూటా తగల్లేదు కనుక మా మామ అమరుడు కాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

కొన్నేళ్ల కిందట వాడ యువకులు ఇంటికొచ్చారు. జెండా పండుగకు మన ఊరి వీరుల వస్తువులతో ప్రదర్శన పెడుతున్నాం అవ్వా, నీ దగ్గరున్నవి ఇయ్యి, నాలుగు రోజుల్లో తెచ్చిస్తాం అన్నారు. అన్నేళ్లలో ఆయన వస్తువు కావాలని అడిగినవాళ్లు వాళ్లే. మా అత్త సంబరం నేను చెప్పలేను. బుడ్డిని చింతపండుతో తోమింది. బెల్టుకు నూనె రాసింది. ఇస్తూ మొత్తం కథ చెప్పింది. మేకు, సుత్తె, మామగారు, అన్నీ. వాళ్లు ఫోన్లు చూసుకుంటూ తలలూపారు. ప్రదర్శన అయిపోయింది. బెల్టు, గొంగడి తిరిగి వచ్చాయి. బుడ్డి రాలేదు. అడిగితే, టెంట్లకు, మైకులకు ఖర్చు పెట్టుకున్న ఒక సారు దాన్ని భద్రంగా దాస్తానన్నాడని, అందుకే ఇచ్చామని చెప్పారు. ఇవ్వడానికి అది వాళ్ల సొమ్మా?

ఆ సారు వ్యాపారాలు చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. సాగర్ రోడ్డు దిక్కు తన రిసార్టులో ఒక పెద్ద హాలు కట్టించి పాత యుద్ధాల సామాను పోగేశాడు. ఇనుప టోపీలు, ఖాళీ తూటా గొట్టాలు, దుర్భిణీలు, పతకాలు, చిరిగిన స్వెటర్లు, అన్నీ గాజు పెట్టెల్లో, లైట్ల కింద. చూడటానికి టికెట్టు. ఒకరోజు బస్టాండు దగ్గర చేపలు కొనడానికి వచ్చిన ఒకామె మా అత్తతో, "అవ్వా, మీ ఆయన బాటిల్ సూసొచ్చినం. మూడు తూటాలు తాకినయట గద, మా ఆయనకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్" అంది. మా అత్త కోస్తున్న చేపను అట్లాగే వదిలేసి నాకు ఫోన్ చేసింది. "బిడ్డా, బడికి సెలవు పెట్టు. ఒక జాగకు పోవాలె."

పోయాం. గాజు పెట్టెలో ఎర్ర మఖమల్ మీద బుడ్డి. చిల్లులు బాగా కనపడేట్టు కింద నుంచి ఒక లైటు. పక్కన పలక. అత్తకు చదువు రాదు. "ఏమున్నదో సదువు" అంది. నేను చదివాను. మూడు శత్రు తూటాలను తన ఒంటి మీద మోసిన నీటి సీసా, ఇబ్రహీంపట్నం ముద్దుబిడ్డ, అమరవీరుడు, ఆఖరి చుక్క దాకా పోరాటం. ఇంకా ఏవేవో. "మల్ల సదువు" అంది. మళ్లీ చదివాను. ఆమె గాజు మీద అరచేయి పెట్టి నిలబడింది. సెక్యూరిటీ అతను ముట్టొద్దన్నాడు.

సారు వచ్చాడు. మంచి మాటకారి. కుర్చీ వేయించాడు, చల్లటి నీళ్లు ఇప్పించాడు. "మీరెంత అదృష్టవంతులమ్మా. ఇంత గొప్ప వీరుడి భార్య" అన్నాడు.

"మా ఆయనకు తూటా తాకలే సారు" అంది అత్త. "నేను ఆడున్న. మా మామ మేకు గొట్టిండు. కర్మ నాడు. గవి మేకు చిల్లులు."

సారు నవ్వాడు. "వయసు మీద పడితే కొన్ని కలగలిసిపోతాయమ్మా. మా నిపుణులు చూశారు."

"నిపుణులు వల్లకాటికొచ్చిన్రా?" అంది అత్త.

ఆయన నా వైపు తిరిగాడు. చదువుకున్నదాన్ని కదా, నాకైతే అర్థమవుతుందని. గొంతు తగ్గించి, "మేడమ్, ప్రజలు దీని ముందు నిలబడి కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. పిల్లలు సెల్యూట్ చేస్తున్నారు. జ్వరమొచ్చి పోయాడని రాస్తే ఎవరు ఆగుతారు చెప్పండి?" అన్నాడు.

అత్తకు వినిపించింది. ఆమె కుర్చీలోంచి లేచింది. అరవలేదు. చేపల బేరంలో అరిచే గొంతు ఆ రోజు చాలా చిన్నగా వచ్చింది. "జరమొచ్చి సచ్చినోడు మనిషి గాదా సారు?"

ఆయన గాజు పెట్టె వైపు తిరిగాడు. పలక మారుస్తానన్నాడు. బుడ్డి సంగతి అడిగితే అది మీదేనన్నట్టు కాగితం ఏమైనా ఉందా అన్నాడు. యాభై ఏళ్లు గూట్లో పెట్టుకున్నదానికి కాగితం ఎవరు రాయించుకుంటారు? బయటికి వచ్చేటప్పుడు నేను మిగతా పెట్టెలు కూడా చూశాను. ఒక స్వెటర్ మోచేతి దగ్గర వేరే రంగు ఊలుతో అల్లి ఉంది. ఎవరో ఆడమనిషి, తల్లో పెళ్లామో చెల్లెలో, అల్లి ఉంటుంది. పలక మీద 'సైనికుడి స్వెటర్' అని రాసి ఉంది. ఆ హాల్లో ఉన్న ప్రతి వస్తువు వెనకా ఒక ఇల్లుంది. ఆ ఇంటి గుమ్మం ఎవరూ తొక్కలేదు. వస్తువు కావాలి, మనిషి వద్దు. నెత్తురు కావాలి, నీళ్లు మోసిన చేతులు వద్దు. నిజంగా పోయినప్పుడు తూటా లేదని వేదిక మీది నుంచి దింపారు. ఇప్పుడు లేని తూటాలు పెట్టి వేదిక ఎక్కిస్తున్నారు. రెండుసార్లూ ఆమెను అడిగినవాళ్లు లేరు.

పలక మారలేదు. మా అత్త ఓపిక పట్టే మనిషి కాదు, అయినా ఆ బుడ్డి కోసం పట్టింది. ఎన్నోసార్లు చేపలమ్మకం ముగించుకుని బస్సెక్కి పోయేది. సారు ఊళ్లో లేడనేవాళ్లు. ఉన్నా మీటింగులో ఉన్నాడనేవాళ్లు. మా నాన్న వెళ్లి అడిగాడు, తమ్ముడు వెళ్లి అడిగాడు, నేను వెళ్లి అడిగాను. వాడ యువకులు మాత్రం ఇక మా ఇంటి మొగం చూడటం మానేశారు. ఒక సాయంత్రం ఆమె తిరిగి వచ్చి కాళ్లు కడుక్కుంటూ నవ్వింది. "ఇయ్యకుంటే ఇయ్యకపాయె. నేను సచ్చినంకన్న తెచ్చి గదే బుడ్డిల నీళ్లు పొయ్యున్రి. చిల్లులు పెట్టే పని గూడ లేదు మీకు. తయారున్నయ్." మా అమ్మ సాయంత్రం పూట ఏం మాటలని కసిరింది. అత్త నవ్వు ఆపి నా వైపు చూసింది. "గది మాత్రం జెయ్యిన్రి బిడ్డా. మిగతాది మీ ఇష్టం." ఆమె మమ్మల్ని అడిగింది జీవితంలో అదొక్కటే.

అందుకే ఆదివారం పొద్దున నేను అడిగిన మాట అది.

తమ్ముడు వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఆదివారం జనం ఎక్కువ వస్తారు, ఈ రోజు పెట్టె తెరవలేం, తర్వాత మాట్లాడదాం అన్నారట. "అన్నా, మనిషి కట్టెల మీదికి పోతున్నది, తర్వాత ఏం మాట్లాడుతరు" అని వాడు గేటు దగ్గర నిలబడి సారు మనుషులను ఫోన్‌లో అడిగితే పెట్టేశారట. మధ్యాహ్నం దాకా చూశాం. వచ్చింది బుడ్డి కాదు, సారు. కారు దిగాడు, వెంట ఫోటోలు తీసేవాడు, ఇద్దరు మోసుకొచ్చిన ఫ్లెక్సీ. 'వీరపత్నికి కన్నీటి వీడ్కోలు' అని పెద్ద అక్షరాలు. మా అత్త మొహం ఒక మూలన అరచేయంత. మధ్యలో బుడ్డి మనిషంత. ఆ మూడు చిల్లుల చుట్టూ ఎర్రరంగు పూశారు.

మా నాన్న ఎనభై దగ్గరపడిన మనిషి. ఎవరినీ ఏమీ అనడు. కర్ర పట్టుకుని లేచి సారు ముందుకు పోయాడు. "బుడ్డి ఏది సారు?"

"అది జాతి సంపదండీ. మన అందరిదీ."

"మా చెల్లెది. మేమెప్పుడిచ్చినం మీ జాతికి?" అన్నాడు నాన్న. నేను ముందుకు పోయి, నా జన్మలో ఎవరితోనూ మాట్లాడనంత మొరటుగా మాట్లాడాను. అవన్నీ ఇక్కడ రాయను. ఒక్కటి రాస్తాను: మా మామకు జ్వరం వచ్చింది, మీకు సిగ్గు రాలేదు అన్నాను. ఫోటోలవాడు కెమెరా దించేశాడు. సారు తను తెచ్చిన దండ ఎవరి చేతికో ఇచ్చి కారెక్కాడు. అత్తతో పాటు బస్టాండు దగ్గర చేపలమ్మే ఆడవాళ్లు ఆ ఫ్లెక్సీని విప్పి, బోర్లా పరిచి, దాని మీద కూర్చుని ఏడవడం మొదలుపెట్టారు.

చివరికి మట్టికుండలోనే నీళ్లు పోశాం. తమ్ముడు తిరిగాడు, నాన్న కొడవలి మొనతో చిల్లులు పెట్టాడు. కుండ పగిలింది. అందరూ అనుకున్నట్టే పగిలింది. ఆమె అడిగిన ఒక్క పని మేం చేయలేకపోయాం. ఎవరో మంచిగా జరిగింది అన్నారు. నేను వాళ్లకు దూరంగా పోయి నిలబడ్డాను.

దినాలు అయిపోయిన మర్నాడు నేను బడికి పోలేదు. టికెట్టు కొనుక్కుని ఆ హాల్లోకి పోయి గాజు పెట్టె పక్కన నిలబడ్డాను. వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. ఇవి తూటా చిల్లులు కావు, మేకు చిల్లులు. ఈయన నీళ్ల లారీ నడిపాడు. జ్వరమొచ్చి పోయాడు. ఈయన భార్య మొన్నటిదాకా మీకు చేపలమ్మింది. కొందరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి పక్క పెట్టెకు పోయారు. ఒకాయన, దేశభక్తి లేదా నీకు అన్నాడు. సెక్యూరిటీ అతను నా దగ్గరికి వచ్చి, "మేడమ్, సారుకు ఫోన్ పోయింది. మిమ్మల్ని బయటికి పంపమన్నరు" అన్నాడు. పంపలేదు. పోయి మళ్లీ తలుపు దగ్గర నిలబడ్డాడు. అతనిది మా ఊరే. మా అత్త దగ్గర చేపలు కొన్నవాడే.

మధ్యాహ్నం దాటాక ఒకామె వచ్చింది. నా ఈడుది, కూలికి పోయే చేతులు. ఇంట్లోవాళ్లు ముందుకు పోయినా ఆమె ఆగింది. పలక చదవలేదు, నేను చెప్పింది విన్నది. విని కాసేపు బుడ్డిని చూసి, అన్నేళ్లలో ఎవరూ అడగని మాట అడిగింది. "జరమొచ్చినప్పుడు పక్కకు ఎవరన్న ఉండెనా అక్కా?"

ఉన్నాడని చెప్పాను. ట్రంకు పెట్టె తెచ్చినతను ఆ మాట మా అత్తకు చెప్పిపోయాడు. ఆఖరి రోజు మా మామకు గొంతు దిగడం లేదు. దాహం దాహం అంటున్నాడు. ఆ స్నేహితుడు ఈ బుడ్డి మూతలో కొంచెం కొంచెం పోసి పెదాలు తడిపాడు. సైన్యమంతటికీ నీళ్లు మోసినవాడు మూతెడు నీళ్లు మింగలేక పోయాడు. మా అత్త కుండ ఒద్దన్నది అందుకే. ఆ సంగతి ఆమె అత్తగారింట్లో చెప్పలేదు, వేదిక మీద చెప్పలేదు, సారుకు చెప్పలేదు. నాకు టైఫాయిడ్ తగ్గిన నాడు చెప్పింది.

ఆ వచ్చినామె గాజు పెట్టెకు దగ్గరగా జరిగింది. చేతిసంచిలోంచి నీళ్ల సీసా తీసింది. మూత తిప్పి, దోసిట్లో కాసిని నీళ్లు పోసుకుని, వంగి, గాజు పెట్టె కింద నేల మీద వదిలింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని తనవాళ్లు పోయిన దిక్కు వెళ్లిపోయింది. లోపలి గదిలోంచి ఎవరో, నేల మీద నీళ్లేంటి, తుడవండి అని అరిచారు. సెక్యూరిటీ అతను తుడిచే కర్ర తెచ్చాడు. తెచ్చి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని, ఆ నీళ్లు మెల్లగా పెట్టె కిందికి పాకుతుంటే చూస్తూ నిలబడ్డాడు.